వేరుశనగ వెనుక ఉలవ: చేనిలో పాతుకున్న ఒక వర్షమాపకం సమీక్ష

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో బోరు లేకుండా వానను నమ్ముకొని వేరుశనగ వేసి, అది పీకిన నేలలోనే ఉలవ విత్తుకునే రైతు సేద్యానికి కొత్తగా ఒక్క వస్తువే కొనగలిగితే, అది వర్షమాపకం కావాలని నా అభిప్రాయం. ఎరువు గురించీ, మందు గురించీ సలహా చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు గానీ, నిన్న రాత్రి మన చేనిలో ఎంత వాన పడిందో అంకెతో చెప్పగలిగేవాళ్లు అరుదు. ఒకదాని వెనుక ఒకటిగా వేసే రెండు పంటల బతుకూ చాలావరకు ఆ అంకె మీదే నడుస్తుంది. నేను ఇక్కడ సమీక్షిస్తున్నది తిరుపతిలో వ్యవసాయ పనిముట్లు అమ్మే ఒక దుకాణంలో కొన్న, బ్యాటరీ అక్కర్లేని, చేత్తో కొలుచుకునే మామూలు వర్షమాపకాన్ని. పాకాల దాటి చిత్తూరు వైపు వెళ్లే దారిలో ఉన్న మా ఎర్ర నేలలో దీన్ని పాతి కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఇదే నమూనాను రెండు మూడు పేర్లతో అమ్ముతున్నారు కాబట్టి తయారీదారు పేరుతో పెద్దగా పని లేదు.

వస్తువు చూడటానికి సాదాగా ఉంటుంది. ఫైబర్ గ్లాసుతో చేసిన ఆకుపచ్చ గుండ్రటి పాత్ర, దాని మీద ఇత్తడి అంచున్న గరాటు, లోపల నీళ్లు చేరే నాలుగు లీటర్ల ప్లాస్టిక్ సీసా, విడిగా గీతలున్న కొలత గ్లాసు, అంతే. గరాటు నోటి వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లు, అంటే అంచు నుంచి అంచుకు దాదాపు 16 సెంటీమీటర్లు. ఒక మిల్లీమీటరు వాన పడితే ఆ నోట్లోకి 20 మిల్లీలీటర్ల నీళ్లు చేరతాయి. ఈ లెక్క కొనేముందే తెలిసి ఉండటం మంచిది, ఎందుకంటే 100 చదరపు సెంటీమీటర్ల గరాటు కోసం చేసిన గ్లాసు పొరపాటున ఈ పెట్టెలోకి వస్తే పడిన వాన రెట్టింపై కనిపిస్తుంది. దుకాణంలోనే సరిచూసుకోవడం కష్టం కాదు: మందుల షాపులో దొరికే సిరంజితో కొలిచి 100 మిల్లీలీటర్ల నీళ్లు గరాటులో పోసి, సీసాలో దిగినవాటిని గ్లాసులోకి వంపితే సరిగ్గా 5 మి.మీ. గీత దగ్గర నిలవాలి. నాకు మొదట తీసిచ్చిన గ్లాసులో నీళ్లు గీతకు బాగా పైన నిలిచాయి, రెండోదానిలో సరిపోయాయి. దుకాణదారు విసుక్కోకుండా మార్చి ఇచ్చారు.

దీన్ని పెట్టే చోటు సరిగా లేకపోతే ఎంత మంచి పరికరమైనా తప్పే చెబుతుంది. గరాటు అంచు నేలకు సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తులో, ఏ పక్కకూ వాలకుండా ఉండాలి. దగ్గరలోని చెట్టుకైనా గోడకైనా దాని ఎత్తుకు కనీసం రెట్టింపు దూరంలో పాతాలి. మిద్దె మీద పెట్టుకున్నవాళ్లను చూశాను, అక్కడ గాలి చినుకులను పక్కకు నెట్టేస్తుంది కాబట్టి వాన తక్కువ చూపిస్తుంది. మేకలు రాకుండా కంప వేయవచ్చు గానీ, ఆ కంప ఎత్తు గరాటును మించకూడదు. వాతావరణ శాఖ లెక్క ఉదయం 8:30 గంటలకు తీస్తుంది. మనమూ అదే వేళకు కొలిస్తేనే మన అంకెనూ వాళ్ల అంకెనూ పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి వీలవుతుంది.

మండల కేంద్రంలో ఆటోమేటిక్ వాతావరణ కేంద్రం ఉండగా ఇంట్లో ఇంకొకటి ఎందుకని నన్ను చాలామంది అడిగారు. తొలకరిలో ఈ ప్రాంతంలో పడేవి ఎక్కువగా సాయంత్రపు ఉరుముల వానలు. వంకకు ఇవతల చేను తడిసి అవతల చేను పొడిగా ఉండటం మాకు వింత కాదు. మండలం సగటు ప్రభుత్వానికి అవసరం, విత్తనం నాటే రైతుకు మాత్రం తన చేని అంకే కావాలి. ఒక మిల్లీమీటరు వాన అంటే ఎకరాకు నాలుగు వేల లీటర్ల నీళ్లు. పది మిల్లీమీటర్ల తేడా అంటే నలభై వేల లీటర్లు. ట్యాంకరుతో తోలుకున్న అనుభవం ఉన్నవాళ్లకు ఆ తేడా ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఉమ్మడి చిత్తూరు జిల్లాకు ఏడాదిలో పడే సాధారణ వర్షం సుమారు 930 మి.మీ. అందులో నైరుతి రుతుపవనాల వాటా 440 మి.మీ. వరకు ఉంటే, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు ఇచ్చేది 400 మి.మీ.కు కొంచెం తక్కువ. పడమటి వైపు కుప్పం, పలమనేరు, పుంగనూరు నైరుతి మీద ఎక్కువగానూ, తూర్పున శ్రీకాళహస్తి, సత్యవేడు ఈశాన్యం మీద ఎక్కువగానూ ఆధారపడతాయి. మా పాకాల వైపు నేలలు రెండింటి మధ్యలో పడతాయి. రెండు రుతుపవనాలూ ఇలా దాదాపు సమానంగా పంచుకోవడం వల్లే ఇక్కడ బోరు లేని చేనిలో కూడా ఏడాదికి రెండు పంటలు సాధ్యమవుతున్నాయి. అయితే ఆ రెండు వానల మధ్య మొదటి పంటను దించి రెండో పంటను ఎక్కించాల్సిన సందు చాలా ఇరుకు, దాని వెడల్పును నిర్ణయించేది జూన్, జూలై నెలల్లో మనం విత్తడానికి గొర్రు కట్టిన తేదీ.

ఎర్ర నేలకు నీటిని దాచుకునే శక్తి తక్కువ. వేరు దిగే అర మీటరు లోతులో అది పట్టుకోగల నీరు సుమారు 50 నుంచి 60 మి.మీ. మాత్రమే. పూత తర్వాత ఊడలు నేలలోకి దిగే దశలో, కాయ ఊరే దశలో వేరుశనగ పైరు రోజుకు నాలుగైదు మిల్లీమీటర్లు వాడుకుంటుంది, అంటే నేల నిండా పదును ఉన్నా పది పన్నెండు రోజుల్లో ఖాళీ అవుతుంది. ఈ లెక్క ప్రకారం ఒకే రోజు కురిసిన 100 మి.మీ. వానకూ, వారానికొకటి చొప్పున కురిసిన నాలుగు 25 మి.మీ. వానలకూ పోలికే లేదు. మొదటిదానిలో సగం వంక పాలవుతుంది, రెండోది పంటను నెల రోజులు నిలబెడుతుంది. నెల మొత్తం వర్షపాతం చూసి ఈ ఏడు వానలు బాగున్నాయని పత్రికల్లో రాసినప్పుడు నేను పెద్దగా నమ్మకపోవడానికి కారణం ఇదే. రోజువారీ అంకెలు రాసుకున్న పుస్తకం చేతిలో ఉంటే నెల మొత్తం ఎంత మోసగిస్తుందో కళ్లకు కడుతుంది.

విత్తే వాన సంగతి మొదట చూద్దాం. మా నేలల్లో ఒక్క వానకు 20 నుంచి 25 మి.మీ. దిగితేనే విత్తనం వాన. పారతో తవ్వి జానెడు లోతు తడి ఉందా లేదా అని చూడటం పెద్దల పద్ధతి, అది ఇప్పటికీ మంచిదే, వర్షమాపకం దాన్ని కొట్టివేయదు. కాకపోతే 12 మి.మీ. వాన కూడా పై మట్టిని నల్లగా తడిపి, పక్క చేనిలో గొర్రు దిగడం చూసిన మనిషిని తొందరపెడుతుంది. వేరుశనగ సేద్యంలో విత్తనం ఖర్చే పెద్ద భాగం. మొలక వచ్చాక వారం రోజులు ఎండ కాస్తే ఆ ఖర్చంతా మట్టిలో కలుస్తుంది. గ్లాసులో 12 అని కనిపించిన రోజున ఆగడానికి ధైర్యం వస్తుంది.

తర్వాత తేదీల లెక్క. కదిరి-6 వంటి గుత్తి రకానికి దాదాపు 105 రోజులు పడుతుందనుకుందాం. జూన్ 15న విత్తితే సెప్టెంబరు 28 ప్రాంతంలో పీకుడు వస్తుంది. జూలై 20న విత్తితే నవంబరు 2కు వస్తుంది. కాయ ఊరే కాలం సుమారు 60వ రోజు నుంచి 85వ రోజు వరకు అనుకుంటే, మొదటిదానికి అది ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా పడుతుంది, రెండోదానికి సెప్టెంబరు మూడో వారం నుంచి అక్టోబరు రెండో వారం దాకా. రాయలసీమలో నైరుతి వానలు మొదట పలుచగా ఉండి ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో చిక్కబడతాయి. జూలైలో వరప, అంటే వానలు ఆగిపోయే విరామం, రావడం సర్వసాధారణం. అందువల్ల వేరుశనగ ఒక్కదాన్నే చూసుకుంటే జూలైలో విత్తిన చేనుకే ఊడల దశలోనూ కాయ దశలోనూ వాన దొరికే అవకాశం ఎక్కువ. జూన్ మధ్యలో విత్తిన పైరుకు జూలై ఆఖరులో ఊడలు దిగే సమయానికి సరిగ్గా వరప ఎదురుకావచ్చు.

కానీ జూలై 20న విత్తిన చేను పీకే నాటికి ఈశాన్య రుతుపవనాలు వచ్చి కూర్చుంటాయి. వాటి రాకకు సాధారణ తేదీ అక్టోబరు 20 ప్రాంతం. గుత్తి రకాల గింజకు నిద్రావస్థ ఉండదు కాబట్టి పక్వానికి వచ్చిన కాయ తడి నేలలో ఉంటే అక్కడే మొలకెత్తుతుంది. పీకి వామి వేద్దామన్నా ఎండ ఉండదు, కాయకు బూజు పడుతుంది, పశువుల మేతకు దాచుకునే కట్టె నల్లబడి పనికిరాకుండా పోతుంది. నవంబరు రెండో వారంలో గానీ ఆ నేలలో ఉలవ పడదు. అప్పటికీ తేమ ఉంటుంది, కాదనను. అయితే డిసెంబరు దాటితే ఇక్కడ వాన దాదాపు ఉండదు కాబట్టి పూత, కాయ దశలు పూర్తిగా ఆరిపోతున్న నేల మీదా, మంచు మీదా, బూడిద తెగులు మీదా గడపాల్సి వస్తుంది. దీనికి భిన్నంగా సెప్టెంబరు ఆఖరులో ఖాళీ అయిన చేనిలో అక్టోబరు మొదటి వారానికే ఉలవ పడుతుంది, ఈశాన్య వానలు మొక్క ఎదిగే దశలో వస్తాయి, సంక్రాంతి లోపు పంట ఇంటికి చేరుతుంది.

మొదటి పంటకు మేలైన తేదీ, రెండు పంటలకూ కలిపి మేలైన తేదీ ఒకటి కావు. ఈ వర్షమాపకం నాకు నేర్పిన ముఖ్యమైన విషయం ఇదే. ఏ తేదీ తీసుకోవాలన్నది ఆ ఏడు వానను బట్టి మారుతుంది. నా పుస్తకంలో కనిపించేదాన్ని బట్టి మా చేనికి జూన్ ఆఖరు, జూలై మొదటి వారం మధ్యస్థమైన అదను: ఊడల దశ ఆగస్టులోకి జరుగుతుంది, పీకుడు అక్టోబరు రెండు, మూడు వారాల్లో ముగుస్తుంది, ఉలవకు ఒకటి రెండు వారాలు మాత్రమే ఆలస్యమవుతుంది. పుంగనూరు వైపు వాళ్లకు ఇది ఇంకొంచెం ముందుగా, శ్రీకాళహస్తి వైపు వాళ్లకు ఆలస్యంగా వస్తుంది. అందుకే ఎవరి చేనికి వాళ్లు కొలుచుకోమంటున్నాను.

పుస్తకం రాసే పద్ధతి గురించి ఒక మాట. రోజువారీ అంకె పక్కన నేను కార్తె మొత్తం కూడా వేసుకుంటాను. కార్తె సుమారు రెండు వారాలు ఉంటుంది, మన నేల పదును నిలిచే గడువు కూడా దాదాపు అంతే, కాబట్టి నెలల లెక్క కన్నా ఇది చేనికి సరిగా అతుకుతుంది. ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అన్న సామెతను చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఉత్తర కార్తె సెప్టెంబరు 13 నుంచి 26 వరకు నడుస్తుంది, ముందుగా విత్తిన వేరుశనగ పీకుడుకు ముందరి రెండు వారాలు అవే. ఆ కార్తెలో కొంత వాన ఉంటే రెండు లాభాలు. నేల గట్టిపడకుండా ఉండి చెట్టు పీకినప్పుడు కాయ మట్టిలో తెగిపోదు. అదే తడి మీద ఉలవ మొలుస్తుంది. పీకుడుకు ముందు పది రోజుల్లో గ్లాసు లెక్క 30 మి.మీ. దాటితే నేను చేను ఖాళీ అయిన మర్నాడే గుంటక తోలి ఉలవ విత్తిస్తాను. దాటకపోతే హస్త, చిత్త కార్తెల వాన కోసం ఆగుతాను. ఎర్ర నేలలో పై మట్టి రెండు మూడు ఎండలకే ఆరిపోతుంది కాబట్టి ఈ నిర్ణయానికి వారం గడువు ఉండదు. కూలీలను ముందే మాట్లాడుకోవడానికి ఆ అంకె బాగా పనికొస్తుంది.

వాన మరీ వెనకబడిన ఏళ్లలో కూడా పుస్తకమే దారి చూపుతుంది. జూలై నెలాఖరు దాకా విత్తనం వాన పడకపోతే నేను వేరుశనగ ఆలోచన మానుకుంటాను, ఎందుకంటే దాని వెనుక వచ్చే రెండో పంట అప్పటికే పోయినట్టు లెక్క. ఆగస్టులో అలసంద గానీ కొర్ర గానీ వేసుకోవడం, లేదా నేలను ఖాళీగా ఉంచి నేరుగా ఉలవే వేసుకోవడం ఖర్చు తక్కువ దారి. ఇంకొక పద్ధతి, వేరుశనగ సాళ్ల మధ్య కందిని అంతర పంటగా అదే వానకు విత్తడం. వేరుశనగ తీసేశాక కంది చేనిలోనే నిలబడి ఈశాన్య వానలను తాగి కాస్తుంది, రెండోసారి విత్తే బెడదే ఉండదు. పీకుడు సమయానికి వాన ఎలా ఉంటుందోనన్న బెంగ ఉన్నవాళ్లకు ఉలవ కన్నా ఇది నిశ్చింత.

మళ్లీ పరికరం దగ్గరకు వస్తే, పెద్ద వానల్లో దీని బలహీనత బయటపడుతుంది. నాలుగు లీటర్ల సీసాలో పట్టేది 200 మి.మీ. మాత్రమే, ఒక్కరోజులో 204.4 మి.మీ. దాటితేనే వాతావరణ శాఖ దాన్ని అత్యంత భారీ వర్షం అంటుంది. 2021 నవంబరు 18, 19 తేదీల్లో తిరుపతిని ముంచెత్తిన వాన గానీ, 2022 డిసెంబరు 9 రాత్రి మామల్లపురం దగ్గర తీరం దాటిన మాండూస్ తుపాను గానీ ఈ ప్రాంతానికి అలాంటి వానలు కొత్త కాదని గుర్తు చేస్తాయి. తుపాను హెచ్చరిక ఉన్న రోజున రాత్రి పడుకునే ముందు ఒకసారి కొలిచి సీసా ఖాళీ చేసి, ఆ అంకెను మర్నాటి ఉదయపు లెక్కలో కలుపుకోవాలి. కొలత గ్లాసు 10 మి.మీ.కే నిండుతుంది కాబట్టి భారీ వాన పడిన ఉదయం ఎన్నిసార్లు వంపామో మరిచిపోవడం చాలా తేలిక. పక్కన బొగ్గుతో గీతలు గీసుకుంటూ పోవడమే మార్గం. ఈ ధరలో 25 మి.మీ. గ్లాసు ఇచ్చి ఉండవచ్చు.

మామూలు వానల్లో మాత్రం పాత్ర, గరాటు, సీసాల మీద నాకు ఫిర్యాదు లేదు. సీసా గరాటు కింద మూతపడినట్టుగా ఉండటంతో నీళ్లు ఆవిరి కావడం తక్కువ. తుమ్మ ఆకులు, చీమలు గరాటు గొంతులో అడ్డుపడతాయి, వారానికోసారి పుల్లతో శుభ్రం చేస్తే చాలు. ఫైబర్ పాత్ర ఎండకు వెలిసింది గానీ పగల్లేదు. బ్యాటరీతో నడిచే డిజిటల్ రకాలు కూడా తిరుపతిలో దొరుకుతున్నాయి. వాటిలో చిన్న తక్కెడ నిండి వాలినప్పుడల్లా వాన లెక్కపెడుతుంది, వాన జోరెక్కినప్పుడు ఆ తక్కెడ వెనకబడి తక్కువ చూపించే స్వభావం ఉంది, పైగా ధర కూడా ఎక్కువ. రోజూ చేనికి వెళ్లేవాళ్లకు చేతి కొలతే మేలు. ఊళ్లో ఉండక వారానికోసారి వచ్చిపోయేవాళ్లు మాత్రం డిజిటల్ వైపు చూడటమే సబబు, ఎందుకంటే ఏడు రోజుల వాన ఒకే సీసాలో కలిస్తే పైన చెప్పిన లెక్కలేవీ సాగవు.

కొనేవాళ్లు రెండు విషయాలు ముందే తెలుసుకోవాలి. వాతావరణ ఆధారిత పంటల బీమా పరిహారానికి ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల అంకెలే చెల్లుతాయి, మన పుస్తకం అక్కడ సాక్ష్యం కాదు. అలాగే ఇది జరిగిన వానను చెబుతుందే తప్ప రాబోయేదాన్ని చెప్పదు. అందుకు వాతావరణ శాఖ మంగళ, శుక్రవారాల్లో ఇచ్చే వ్యవసాయ సలహా బులెటిన్లు, మేఘదూత్ యాప్ ఉన్నాయి. నేలలో ఇప్పటికే ఎంత పదును ఉందో తెలిసినవాడికే రాబోయే ఐదు రోజుల అంచనా ఉపయోగపడుతుంది కాబట్టి రెండింటినీ కలిపి వాడుకోవాలి.

అన్నింటికన్నా ఇబ్బంది పెట్టేది కొలత గ్లాసే. సన్నటి ప్లాస్టిక్, మీద అచ్చు వేసిన గీతలు రెండో ఏటికే మాసిపోయాయి. విడిగా గ్లాసు కావాలంటే దొరకదు, సెట్టు మొత్తం మళ్లీ కొనాల్సిందేనని దుకాణంలో చెప్పారు. ఆ ఖర్చు అక్కర్లేదు. వంటింట్లో వాడే మిల్లీలీటర్ల కొలత కప్పుతో సీసాలోని నీళ్లు కొలిచి 20తో భాగిస్తే మిల్లీమీటర్ల వాన వస్తుంది. 100 చదరపు సెంటీమీటర్ల గరాటు ఉన్నవాళ్లు 10తో భాగించుకోవాలి. నేను ఇప్పుడు అలాగే కొలుస్తున్నాను, గీతలు పోయిన గ్లాసును గరాటు కడగడానికి వాడుతున్నాను.